నోరు మెదపకూడని కొలువు

ఆయమ్మ నోరు ఊరికే ఉండగా చూసినవాళ్ళు లేరు. ఆస్పత్రి కాన్పుల వార్డులో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ఆ ఇరవై ఆరేళ్ళలో ఆమె గొంతు వినకుండా భూమ్మీద పడిన బిడ్డ లేదని పెద్ద డాక్టర్లే అనేవారు. కన్నతల్లికన్నా ముందు ఆయమ్మే పలకరించేది. "వచ్చావా తల్లీ! ఇక్కడేం ఒరిగిపోతోందని అంత తొందరపడ్డావ్?" అనేది. నెలలు నిండకుండా పుట్టి, నోరు తెరవడం కూడా చేతకాని బిడ్డలను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టేవారు. నర్సులు గంటసేపు కుస్తీ పట్టినా దిగని పాలు ఆమె చేతిలో చుక్కచుక్కగా దిగేవి. అందులో మంత్రమూ లేదు, మాయా లేదు. మాట్లాడుతూ పట్టేది, అంతే.

"బిడ్డ నోటితో తాగుతుందనుకుంటారు మీరు. ముందు చెవితో తాగుతుంది," అని కొత్తగా వచ్చిన నర్సులకు పాఠం చెప్పేది. తను చదివింది నాలుగో తరగతి. చెప్పడం మాత్రం పంతులమ్మలకు చెప్పినట్టే చెప్పేది.

ఇంట్లో ఆమె మాటలకు ఒక్కడే శ్రోత, మొగుడు. ఆయన ప్రెస్సులో అచ్చు యంత్రం పక్కన ముప్పై ఏళ్ళు నిలబడి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. కుడి చెవి మిగిలింది. పోట్లాట వచ్చినప్పుడు కుర్చీ తిప్పుకుని ఆ మంచి చెవిని గోడవైపు పెట్టుకునేవాడు. ఆయమ్మ కుర్చీకీ గోడకీ మధ్య దూరి, మొదటి నుంచీ మళ్ళీ అందుకునేది. ఆ కాపురం అలా బాగానే గడిచింది.

ఆమె రిటైరైన ఏడాదికి, ఒక ఉదయం, కోతుల డాక్టరమ్మ తలుపు తట్టింది. సన్నగా, కళ్ళజోడుతో, బూట్లకు మట్టితో ఉంది. కోతులకు వైద్యం చేస్తానని చెప్పుకుంది.

"మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కోతి. చెవుడు తప్ప దానికి జబ్బేం లేదమ్మా," అంది ఆయమ్మ.

"ఈ చెవి బాగానే ఉందే," అన్నాడు మొగుడు లోపలి నుంచి.

డాక్టరమ్మ నవ్వింది కానీ నవ్వడానికి రాలేదు. ఊరి వెనక కొండల మీద అడవి ఉంది. అందులో మసిమూతి కోతులని ఉంటాయి. మొహం పొయ్యి అడుగులా నల్లగా, దాని చుట్టూ తెల్లటి జుట్టు. ఊళ్ళో గోడలెక్కి అరటిపళ్ళు లాక్కునే కోతులు వేరు, ఇవి వేరు. ఇవి నేల మీద కాలు పెట్టవు. పుట్టడం, పెరగడం, పోవడం అన్నీ కొమ్మ మీదే. కొమ్మకు కొమ్మ అందితేనే వాటికి బతుకు. అలాంటి అడవి మధ్యలోంచి రోడ్డు వేశారు. అడవి రెండు చెక్కలైంది. అటు చెక్కలోది ఇటు రాలేదు, ఇటుది అటు పోలేదు. పోవాలని చూసినవి కరెంటు తీగను కొమ్మనుకుని పట్టుకుంటున్నాయి. కొన్నిటిని లారీలు తొక్కుతున్నాయి. పిల్ల ముచ్చటగా ఉంటుందని తల్లిని కొట్టి, పిల్లను సంచిలో వేసుకుని అమ్ముకునేవాళ్ళు మరోపక్క.

"ఆడది మూడేళ్ళకొక పిల్లను కంటుంది ఆయమ్మా. ఈ కొండలు తప్ప ఇంకెక్కడా లేవు ఇవి. అన్నీ కలిపి లెక్కపెడితే నాలుగు వందలు లేవు."

"నాలుగు వందలంటే మా వార్డులో రెండు నెలల కాన్పులు," అంది ఆయమ్మ. అని, ఆ తరువాత కాసేపు ఏమీ అనలేదు. మొగుడు కుర్చీలోంచి తల తిప్పి చూశాడు.

తల్లులు పోయిన పిల్లలకు పాలుపట్టే మనిషి కావాలి. ఆయమ్మ చేతివాటం గురించి ఆస్పత్రిలో ఎవరో చెప్పారు. పనికి ఒక్కటే షరతు. పిల్ల ముందు నోరు మెదపకూడదు. దగ్గకూడదు, కూనిరాగం తీయకూడదు.

"అదేం రోగం?" అంది ఆయమ్మ.

"మనిషి గొంతు విని పెరిగిన పిల్ల, రేపు అడవిలో వదిలినా మనిషి గొంతు వినపడ్డ చోటికే వస్తుంది. మనిషి దగ్గరికొచ్చిన కోతి బతకదు. అందుకు."

డాక్టరమ్మ వెళ్ళాక మొగుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నోరు మూసుకున్నందుకు నీకు జీతమా! ఈ తల్లి ముప్పై ఏళ్ళ కిందట ఎక్కడికి పోయిందే?"

ఆ నవ్వే ఆయమ్మను ఆ కొలువులో చేర్చింది. చేయలేవు అంటే చేసి చూపించే రకం. అసలు ఆమె బతుకంతా అలాగే సాగింది.

కోతుల కేంద్రం ఒకప్పుడు కలప డిపో. అడవిని నరికి తెచ్చి పేర్చిన చోటే అడవి అనాథలను పెంచుతున్నారు. రేకుల కప్పు, చెక్క పలకలతో విడగొట్టిన నాలుగు గదులు, ప్రతి గదికీ జల్లెడ కిటికీ. గది మధ్యలో మనిషి నడుమంత ఎత్తు దుంగకు బూడిదరంగు బొచ్చుగుడ్డ చుట్టి ఉంటుంది. దాని రొమ్ము దగ్గర చిల్లులోంచి పాలసీసా పీక బయటికి వస్తుంది. దానిపేరు గుడ్డతల్లి. లోపలికి వెళ్ళే మనిషి తలనుంచి కాళ్ళదాకా బూడిదరంగు ముసుగు తొడుక్కోవాలి. మొహానికి నల్లటి జాలీ గుడ్డ, చేతులకు తొడుగులు. పిల్లలకు పేర్లు లేవు. పదమూడు, పద్నాలుగు, పదిహేను అని నంబర్లు. పేరు పెడితే మమకారం పుడుతుందట. పెట్టకపోతే పుట్టదనుకున్న ఆ చదువుకున్నవాళ్ళ అమాయకత్వానికి ఆయమ్మ ముసుగులో నవ్వుకుంది.

గోడకు ఒక నోటుపుస్తకం వేలాడేది. పాలు ఎన్ని తాగింది, బరువెంత, విరేచనం అయిందా అని గళ్ళు. చివరి గడి మీద 'శబ్దం లేదు' అని ఉండేది. నోరు మెదపకుండా పని ముగిస్తే అక్కడ టిక్కు పెట్టాలి.

మొదటి ఏడాదంతా ఆ టిక్కులు నిజాయితీగానే పడ్డాయి. నోరు కట్టేసుకుని పగలంతా పనిచేసి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆనకట్ట తెగినట్టుండేది. మొగుడు గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే కుర్చీ సర్దుకుని, "కానీ," అనేవాడు.

అప్పుడు వచ్చింది పదిహేడు.

అడవి గార్డు దాన్ని తన టోపీలో పెట్టుకుని తెచ్చాడు. తల్లి రోడ్డు దాటబోయి కరెంటు తీగ పట్టుకుందట. కింద పడి ఉన్న తల్లి పొట్టను ఇది కరచుకునే ఉందట. వేళ్ళు ఒక్కొక్కటే విప్పదీయవలసి వచ్చిందని చెప్పి అతను టోపీ కూడా అడగకుండా వెళ్ళిపోయాడు. ఆడపిల్ల. అరకిలో లేదు. ఎడమ అరచేయి కాలి గులాబీరంగుగా ఉంది.

గుడ్డతల్లిని అది ముట్టుకోలేదు. ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. అసలు తల్లిని రెండు రోజుల కిందటిదాకా చూసింది కదా, దుంగను చూసి మోసపోతుందా! డాక్టరమ్మ ముక్కులోంచి గొట్టం వేసి కొన్ని పాలు ఎక్కించింది. మూడో రోజు ఉదయం ఆమెకు పట్నంలో పని పడింది. కొండ రోడ్డును ఇంకా వెడల్పు చేస్తామంటున్నారు, వద్దని చెప్పడానికి వెళ్ళాలి.

"మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను ఆయమ్మా. తాగకపోతే నేనొచ్చి గొట్టం వేస్తాను," అని పరుగెత్తింది.

మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ రాలేదు. పదిహేడు తల వాల్చేసింది. కళ్ళు మూసుకోలేదు, తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడటం లేదు. ఆ చూపు ఆయమ్మకు తెలుసు. వార్డులో ఆ చూపు చూసినప్పుడు ఆమె గోడ గడియారం వైపు చూడటం మానేసేది, బిడ్డను ఒళ్ళోకి తీసుకునేది. ఇప్పుడూ తీసుకుంది. పాలపీక పెదవులకు రాసింది. పాలు పెదవి మీంచి జారి మెడలోకి కారాయి. మళ్ళీ రాసింది. మళ్ళీ కారాయి.

ఆయమ్మ ముసుగు తీసేసింది.

"ఏమే దొంగమొహమా," అంది. "మీ అమ్మ పోయిందని నా మీదా అలక?"

ముందు చెవి కదిలింది. కుడి చెవి, చింతాకంత చెవి.

"ఆఁ, నిన్నే. ఇరవై ఆరేళ్ళలో నా చేతిలో పాలు వద్దన్న బిడ్డ లేదు. నువ్వొచ్చావా నా పరువు తీయడానికి? తాగు. తాగి తిట్టు."

తాగింది. పావుగంటలో సీసా సగం చేసి, ఆమె బొటనవేలు పట్టుకుని నిద్రపోయింది.

సాయంత్రం డాక్టరమ్మ అలసిపోయి వచ్చి త్రాసు చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఎలా తాగించారు ఆయమ్మా?"

"అదే తాగింది," అంది ఆయమ్మ. నోటుపుస్తకంలో చివరి గడిలో టిక్కు పెట్టింది.

ఆ ఒక్క పూటతో ఆగి ఉంటే ఆమెను అనడానికి ఎవరికీ నోరు లేదు. ప్రాణం పోతుంటే ఆ మాత్రం చేయని మనిషి మనిషేనా? కానీ మర్నాడు పదిహేడు గుడ్డతల్లి దగ్గర కూడా బుద్ధిగా తాగడం మొదలుపెట్టింది. ఇక మాటతో పనిలేదు. ఆ సంగతి ఆయమ్మకు తెలుసు. తెలిసీ తలుపు గడియ వేసి, మొహం మీది జాలీ పైకెత్తి, మాట్లాడింది. మొదటిరోజు మాట్లాడింది దాని కోసం. ఆ తరువాత ఏడు నెలలు మాట్లాడింది తన కోసం.

ఏం చెప్పలేదు గనక! బస్సు కండక్టరు చిల్లర ఇవ్వని సంగతి, పక్కింటి ఆవిడ గోడ మీదనుంచి తొంగిచూసే సంగతి, మొగుడి గురక, వార్డులో కవలలు పుట్టినప్పుడు తండ్రి మూర్ఛపోయిన కథ. పదిహేడు సీసా వదిలేసి, తల ఒక పక్కకు వాల్చి, ఆమె పెదవులనే చూస్తూ వినేది. కథ ఆపితే కాలిన చేత్తో ఆమె గడ్డం తట్టేది. ఇంట్లో ఉన్నది సగం శ్రోత. రెండు చెవులతో వినేవాళ్ళు ఆయమ్మకు జీవితంలో మొదటిసారి దొరికారు. ఆ రుచి మరిగాక మానుకోవడం ఎవరి తరం?

రెండు నెలల తరువాత పద్దెనిమిది వచ్చింది. మగపిల్ల. దాన్ని పక్క గదిలో పెట్టి డాక్టరమ్మే స్వయంగా, పద్ధతి తప్పకుండా పెంచింది. కానీ రెండు గదుల మధ్య ఉన్నవి పాత చెక్కలు. ఆయమ్మ ఇటు కథ మొదలుపెట్టగానే అటు చెక్క పగులులో ఒక కన్ను కనపడేది. "వింటే విననీ, నా సొమ్మేం పోయింది," అనుకుందామె.

ప్రతిరోజూ టిక్కు పడుతూనే ఉంది.

పిల్లలు ఎదిగాయి. అడవిలోనే కట్టిన పెద్ద వల పందిరిలోకి మార్చారు. అక్కడ కొన్ని నెలలు కొమ్మలూ ఆకులూ నేర్పారు. తరువాత ఐదింటిని, మెడకు నంబరు పట్టీలు కట్టి, అడవిలోకి వదిలారు. ఆ రోజు పెద్దపెద్ద వాళ్ళు వచ్చారు. డాక్టరమ్మ ఆయమ్మ భుజం మీద చేయి వేసి అందరికీ చూపించింది.

"ఒక్క మాట మాట్లాడకుండా ఇంతమందిని పెంచిన మనిషి ఈమె."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఫొటో తీశారు. ఆ ఫొటోలో ఆయమ్మ మెడ నిటారుగా ఉంది. గొంతులో ముల్లు దిగినవాళ్ళు కూడా అలాగే నిలబడతారు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు గార్డు కేంద్రానికి వచ్చి, వరండాలో టీ తాగుతూ నవ్వాడు.

"పెద్దమ్మా, మీ పదిహేడుకి ఆడవాళ్ళ పిచ్చి పట్టింది."

"ఏం కూశావ్?"

"నిజం పెద్దమ్మా. కొండ మలుపు దగ్గర కార్లు ఆపుకుని చూస్తారు కదా, అక్కడికొస్తోంది. మగాళ్ళు ఎంత పిలిచినా తిరిగి చూడదు. ఆడమనిషి నోరు తెరిస్తే చాలు, సరసరా దిగొచ్చి రెయిలింగు మీద కూర్చుంటుంది. తల వంచి, ఏదో అర్థమైనట్టు వింటుంది. మా ఆవిడ మాట నేనైనా అంత శ్రద్ధగా వినను." టీ గ్లాసు కింద పెట్టాడు. "డాక్టరమ్మకు చెప్పాలి. లోపల ఉన్నారా?"

"పనిలో ఉంది. నేను చెబుతాలే," అంది ఆయమ్మ.

అతను వెళ్ళిపోయాడు.

ఆమె చెప్పలేదు. ఆ పూట డాక్టరమ్మ గుమ్మందాకా వెళ్ళింది. గోడ మీద తన ఫొటో కనపడింది, వెనక్కి వచ్చింది. రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడు డాక్టరమ్మకు తలనొప్పి. ఆ మర్నాడు ఎవరో వచ్చారు. ఆ తరువాత సాకు కూడా వెతుక్కోలేదు. ఇరవై ఆరేళ్ళు ఊరి బిడ్డల ప్రాణాలు నిలబెట్టిన మనిషి, కూతురి వయసున్న డాక్టరమ్మ ముందు నిలబడి 'నేను అబద్ధం టిక్కులు పెట్టాను' అనడానికి నోరు రాక, తొమ్మిది రోజులు మింగింది.

ఇంట్లో కూడా నోరు పెగల్లేదు. ఐదో రోజుకి మొగుడు కుడి చెవిలో వేలు పెట్టి తిప్పుకోవడం మొదలుపెట్టాడు. తొమ్మిదో రోజు చొక్కా మార్చుకుని చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాడు.

"ఏమే, నా చెవి బ్రహ్మాండంగా ఉందట. ఫీజు దండగ," అన్నాడు. "అంటే జబ్బు నాది కాదు. నీకేమైంది?"

అప్పుడు చెప్పింది. మొదటి నుంచీ చెప్పింది. ఆయన కుర్చీ ఆమె వైపుకి జరుపుకుని విన్నాడు. ఎగతాళి చేస్తాడేమోనని చూసింది, చేయలేదు.

"నాకు చెబితే ఏం లాభమే? ఒక చెవిలోంచి పోయి గోడకు తగులుతుంది. పొద్దున్నే పోయి ఆవిడకు చెప్పు," అన్నాడు.

పొద్దున్నే చెప్పింది. నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు. డాక్టరమ్మ మధ్యలో ఒక్కటే అడిగింది.

"గార్డు చెప్పి ఎన్ని రోజులైంది?"

"పది."

ఆమె బండి తాళాలు తీసుకుంది. ఇద్దరూ కొండ మలుపుకు వెళ్ళారు. గార్డును పిలిపించారు. మలుపు దగ్గర రోడ్డు వెడల్పు పని జరుగుతోంది. పట్నం వెళ్ళి ఎంత మొత్తుకున్నా ఆ పని ఆగలేదు. చెట్లకు ఎర్ర రంగు గీతలు పెట్టి ఉన్నాయి. కంకర పోస్తున్న కూలీలను అడిగితే ఒకామె చెప్పింది.

"మొన్న పొద్దున ఒక కారొచ్చిందమ్మా. అందులో ఒకావిడ దిగి ముద్దుగా పిలిచింది. రా బంగారం, రావే అని. అది చక్కగా వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. మెడలో పట్టీ ఉంది కదా, వాళ్ళ పెంపుడు కోతేమో, తప్పిపోతే వెతుక్కుంటున్నారేమో అనుకున్నాం. మాకేం తెలుసు?"

ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అనడానికేముంది. ఆయమ్మ రోడ్డు పక్క కాలువ వెంట నడిచింది. నూరడుగుల దూరంలో పట్టీ దొరికింది. కత్తితో శుభ్రంగా కోసి ఉంది. లోపలి వైపు నాలుగు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

డాక్టరమ్మ ఆ పట్టీని చాలాసేపు చేతిలో తిప్పింది. అరిస్తే బాగుండునని ఆయమ్మ ఎదురుచూసింది. తిట్టుకు తిట్టు వడ్డించడం ఆమెకు వచ్చు. తిట్టకపోతే ఏం చేయాలో రాదు.

"ఆ మొదటిరోజు మాట్లాడినందుకు నేను మిమ్మల్నేం అనను ఆయమ్మా," అంది డాక్టరమ్మ చివరికి. "నేను టైముకి రాలేదు. కానీ సాయంత్రం నాకు చెప్పి ఉంటే, దాన్ని అడవిలో వదిలేదాన్నే కాదు. మన దగ్గరే పందిట్లో ఉంచేదాన్ని. అది ఆడపిల్ల. బతికినంతకాలంలో నాలుగైదు పిల్లల్ని కనేది. వాటిని వదిలేవాళ్ళం."

ఒకటి పోయిందనుకుంటూ కాలువ గట్టున నిలబడ్డ ఆయమ్మకు, అక్కడికక్కడే అవి ఐదారయ్యాయి. నాలుగు వందలకు లోపు ఉన్నవాటిలోంచి.

పోలీసులకు చెప్పారు, కారు నంబరు ఎవరూ చూడలేదు. వారం గడిచింది. ఏ ఇంటి వరండాలో గొలుసు వేసి కట్టారో, ఏ సంతలో బుట్టలో పెట్టారో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆయమ్మ రాజీనామా కాగితం తెచ్చింది, సంతకం ఒక్కటే ఆమెది, రాత మొగుడిది. డాక్టరమ్మ దాన్ని తీసుకునేలోపే గార్డు వచ్చాడు. ఈసారి నవ్వడం లేదు.

"మేడమ్, పద్దెనిమిది కూడా మలుపు దగ్గరికొస్తోంది. ఇంకా నేల మీదికి దిగలేదు. కింది కొమ్మ మీద కూర్చుని ఆడకూలీల మాటలు వింటోంది."

"అది మాటలు వినలేదే! నేనే పెంచాను," అంది డాక్టరమ్మ.

"వింది," అంది ఆయమ్మ. "చెక్క పగుల్లోంచి."

డాక్టరమ్మ ఉన్న దారులు ఒక్కొక్కటే చెప్పింది. పట్టి తెచ్చి పందిట్లో వేయాలంటే మత్తు సూది పేల్చాలి. అంతెత్తు కొమ్మ మీంచి పడితే నడుం విరుగుతుంది. లేదా భయపెట్టాలి. ఆడగొంతు వింటే పారిపోయేలా భయపెట్టాలి. ఆమె ఆ మాట అని ఆయమ్మ వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూసింది.

"నా గొంతుకే కదా అలవాటు పడింది," అంది ఆయమ్మ. "నా గొంతే పోయి ఆ అలవాటు చెడగొట్టి వస్తుంది. ఆ కాగితం అక్కడుంచండి, పని అయ్యాక తీసుకుందురు."

మర్నాడు ఉదయం కూలీలు రాకముందే ముగ్గురూ మలుపుకు చేరారు. ముసుగు లేదు, జాలీ లేదు. ఆయమ్మ చేతిలో రేకు పళ్ళెం, గరిటె. గార్డు బండి చాటున నీళ్ళ బకెట్టుతో కూర్చున్నాడు. ముందు పిలవాలి. వచ్చాక తరమాలి. పిలిచి తరిమితేనే భయం గొంతుకు అంటుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది.

ఆయమ్మ రెయిలింగు దగ్గర నిలబడి పిలిచింది.

"ఏమే దొంగమొహమా, రావే. కథ వింటావా?"

ఆకులు కదిలాయి. పద్దెనిమిది ఒక్కొక్క కొమ్మే దిగింది. అన్ని నెలలూ పగుల్లోంచి ఒక్క కన్నే కనపడేది, ఈరోజు రెండూ కనపడ్డాయి. రెయిలింగు చివర కూర్చుని, తల ఒక పక్కకు వాల్చింది. ఎవరి దగ్గర నేర్చుకుందో ఆయమ్మకు తెలుసు.

ఆమె గరిటె లేవలేదు. బండి చాటునుంచి గార్డు, "పెద్దమ్మా!" అని గుసగుసలాడాడు.

అప్పుడు పళ్ళెం మీద గరిటెతో బాదుతూ నోరు విప్పింది. జీవితమంతా కూడబెట్టిన తిట్లన్నీ బయటికి వచ్చాయి. "పో! నీ మొహం మండ, నీ కాళ్ళు విరగ, పోవే! ఎవరనుకున్నావ్ నన్ను? అమ్మననుకున్నావా? పో!" పద్దెనిమిది కదల్లేదు. ఇదీ ఒక కొత్త కథే అనుకుందో ఏమో, ఇంకాస్త ముందుకు వంగింది. గార్డు బకెట్టెడు నీళ్ళూ దాని మీద కుమ్మరించాడు. కీచుమని అరిచి, జారి, రెయిలింగు పట్టుకుని, పైకి పరుగెత్తింది. వెళ్తూ వెళ్తూ నీళ్ళు పోసిన గార్డును చూడలేదు. ఆయమ్మనే చూసింది.

"మళ్ళీ రేపు," అంది డాక్టరమ్మ.

రెండో రోజు సగందాకా దిగి ఆగింది. కిచకిచమంది. ఆయమ్మ మట్టిగడ్డలు తీసుకుని కొమ్మకు తగిలేలా, దానికి తగలకుండా విసిరింది. గొంతు బొంగురు పోయేదాకా తిట్టింది. మూడో రోజు ఆకులు కదిలాయి, మొహం కనపడలేదు.

నాలుగో రోజు పిలిచింది. ఒక్క ఆకు కదల్లేదు.

"ఇంకోసారి," అంది డాక్టరమ్మ.

"ఏమే దొంగమొహమా..."

కొండ అవతలదాకా వినపడేలా పిలిచింది. పద్దెనిమిది రాకూడదని పిలుస్తూనే, కళ్ళు మాత్రం ఇంకొకదాని కోసం వెతికాయి. ఎక్కడో తాడు తెంపుకుని, ఈ గొంతు విని, కాలిన చేత్తో కొమ్మ పట్టుకుని దిగుతుందేమోనని చెట్టుచెట్టునా చూసింది. అది కూడా రాలేదు. రెయిలింగు మీద మంచు ఆరిపోయింది. కింద మొదటి లారీ గేరు మార్చిన చప్పుడు వచ్చింది.

"రాలేదు ఆయమ్మా! రాలేదు!" అంది డాక్టరమ్మ. సంతోషించాలో వద్దో తెలియని మొహంతో ఆమె చేయి పట్టుకుంది.

కేంద్రానికి తిరిగి వచ్చాక గోడకున్న నోటుపుస్తకం దించింది ఆయమ్మ. పద్దెనిమిది పేజీ తీసింది. పాలూ బరువూ రాయడానికేమీ లేవు. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. ఏ పేజీలోనూ ఆ గడిలో ఇన్నాళ్ళూ టిక్కు తప్ప అక్షరం రాసి ఎరగదు. నాలుగో తరగతి చేతిరాత, గడిలో పట్టలేదు, పక్క గడిలోకి పాకింది.

'పిలిచాను. రాలేదు.'

చదువుకుని, కింద తేదీ వేసింది.